హాంకాంగ్ ఓడల రిజిస్టర్ కేసు: "కొనసాగించడం" అన్న ఒక్క మాట వెనక ఆరేళ్ల పని

ఓడల కొనుగోలు అమ్మకాల్లో నా పని కాగితాలు. డెలివరీ రోజున అమ్మేవాళ్లు ఒక దేశంలో, కొనేవాళ్లు ఇంకో దేశంలో, అప్పిచ్చే బ్యాంకు మూడో చోట, ఓడేమో సింగపూర్ దగ్గర లంగరేసుకుని ఉంటుంది. అందరం ఒకే ఫోన్ కాల్‌లో గంటల తరబడి కూర్చుని, బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం పత్రం) చేతులు మారిందా, పాత రిజిస్టర్లో పేరు కొట్టేశారా, కొత్త రిజిస్టర్లో తనఖా ఎక్కిందా, ఎక్కితే ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఎక్కింది అని ఒక్కొక్కదానికీ టిక్ పెట్టుకుంటూ పోతాం. ఆ కాల్స్‌లో ఓడ ఏ దేశానిదో చెప్పే జెండా ఊసు ఎత్తినవాళ్లని నేను చూడలేదు. బ్యాంకు లాయరు అడిగేది ట్రాన్స్‌క్రిప్ట్ గురించే. ఇల్లు కొనేటప్పుడు మనం ఈసీ తీయిస్తాం కదా, ఓడకి ట్రాన్స్‌క్రిప్ట్ అలాంటిది. ఓనరు ఎవరు, తనఖా ఎవరి పేరున ఉంది, మొదటి తనఖా ఎవరిది, అన్నీ అందులో ఉంటాయి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకి నేను మొదట చెప్పే కేసు హాంకాంగ్. వలస పాలనలో ఉన్న ఊరికి, ఆ పాలన ఇంకా నడుస్తుండగానే, పాలించే దేశమూ (బ్రిటన్) రాబోయే దేశమూ (చైనా) కూర్చుని మాట్లాడుకుని విడిగా ఓడల రిజిస్టర్ పెట్టిన ఉదంతం అది. 1984లో ఒప్పందంలో మాట పడింది, 1990 డిసెంబర్ 3న రిజిస్టర్ తెరుచుకుంది. ఈ కథ ఎవరు చెప్పినా జెండాతో మొదలుపెడతారు, నేను తనఖాతో మొదలుపెడతాను.

రాష్ట్రం విడిపోయినప్పుడు బళ్ల నంబర్ ప్లేట్ల మీద ఎంత గొడవైందో గుర్తుందా? ఏపీ తీసేసి టీఎస్ పెట్టించుకోవాలా అక్కర్లేదా అని హైదరాబాదులో 2014 అంతా టెన్షనే. కానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్న తమ ఇంటి దస్తావేజు గురించి ఎవరూ నిద్ర మానుకోలేదు, ఎందుకంటే రెండు వైపులా పైన ఉన్న దేశం ఒకటే, ఆస్తి బదిలీ చట్టం ఒకటే. హాంకాంగ్‌లో పైన ఉన్న దేశమే మారబోతోంది, అదీ ముందే తేదీ చెప్పి మరీ.

చిక్కు ఎక్కడుంది

1984 డిసెంబర్ 19న బీజింగ్‌లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్, చైనా ప్రధాని జావో జియాంగ్, హాంకాంగ్‌ను 1997లో చైనాకి అప్పగించే ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. దాని మొదటి అనుబంధంలో ఎనిమిదో భాగం ఓడల గురించి. హాంకాంగ్‌లో ఇప్పటిదాకా ఉన్న నౌకా నిర్వహణ పద్ధతులు, ఓడ సిబ్బంది (సీమెన్) పని పరిస్థితుల నియమాలతో సహా అలాగే ఉంటాయి. చైనా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అధికారంతో హాంకాంగ్ తన సొంత చట్టాల కింద ఓడల రిజిస్టర్ను కొనసాగిస్తుంది. "హాంకాంగ్, చైనా" అనే పేరుతో సర్టిఫికెట్లు ఇస్తుంది. రాసింది ఇంతే.

వినడానికి బాగానే ఉంది. మా పనిలో ఉన్నవాళ్లు మాత్రం "కొనసాగిస్తుంది" దగ్గర ఆగిపోతారు. కొనసాగించాలంటే ముందు ఒకటి ఉండాలి కదా. 1984లో హాంకాంగ్‌కి తనదంటూ రిజిస్టర్ లేదు. రిజిస్ట్రార్ ఉన్నాడు, ఆఫీసు ఉంది, పుస్తకం ఉంది, ఓడ వెనక భాగాన హాంకాంగ్ అని పెద్ద అక్షరాలతో రాసి కూడా ఉంటుంది. కానీ ఆ పుస్తకం నడిచేది బ్రిటన్ వారి 1894 మర్చంట్ షిప్పింగ్ చట్టం మీద. ఆ చట్టం దృష్టిలో హాంకాంగ్ కూడా లివర్‌పూల్ లాగా, గ్లాస్గో లాగా ఒక బ్రిటిష్ రిజిస్ట్రీ రేవు, అందులో నమోదైన ఓడ జాతీయత బ్రిటిష్. ఓడ ఆస్తిని 64 వాటాలుగా లెక్కగట్టే పద్ధతి, ఎవరు ఓనరు కావచ్చు ఎవరు కాకూడదు అన్నది, తనఖా ఫారం, అన్నీ లండన్ పార్లమెంటు రాసినవే.

(మనదీ ఒకప్పుడు అదే పరిస్థితి. 1948 మార్చిలో విశాఖ సింధియా యార్డులో నెహ్రూ జల ఉషని నీట్లోకి దింపినప్పుడు మన ఓడల రిజిస్ట్రేషన్ ఇంకా ఆ 1894 చట్టం కిందే ఉంది, మనకంటూ మర్చంట్ షిప్పింగ్ చట్టం 1958లో గానీ రాలేదు. మేం విశాఖ వాళ్లం కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేం.)

అంటే ఏమీ చెయ్యకుండా కూర్చుంటే, 1997 జూన్ 30 అర్ధరాత్రి బ్రిటిష్ పాలనతో పాటు ఆ బ్రిటిష్ పుస్తకం కూడా మూసుకుపోతుంది. కొనసాగించడానికి అక్కడ మిగిలేదేమీ ఉండదు. రెండు ప్రభుత్వాలూ కొనసాగిస్తామని మాటిచ్చిన వస్తువును ముందు తయారుచెయ్యాలి, అది కూడా కొత్తగా తయారుచేసినట్టు కనబడకుండా.

ఇక అప్పుల లెక్క. ఓడ మీద బ్యాంకు ఇచ్చే అప్పు మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండేళ్లు. 1986లో ఇచ్చిన పన్నెండేళ్ల అప్పు 1998లో తీరుతుంది. చివరి వాయిదాలు కట్టే నాటికి ఆ తనఖా ఏ చట్టం కింద నిలబడుతుంది, ఏ కోర్టు దాన్ని అమలు చేస్తుంది, ఇంకెవరైనా ముందు వరసలోకి దూరతారా? ఈ ప్రశ్నలకు జవాబు లేకపోతే బ్యాంకు హాంకాంగ్ రిజిస్టర్ వద్దంటుంది, లైబీరియానో పనామానో పెట్టుకోమంటుంది. అసలు హాంకాంగ్ సమస్య బయటపడిందే ఇలాంటి లెక్కతో. హాంకాంగ్‌లో ఎక్కువ భాగమైన న్యూ టెరిటరీస్ లీజు 1898లో 99 ఏళ్లకు రాసుకున్నది, అక్కడి భూముల లీజులు 1997 దాటి ఇవ్వలేని పరిస్థితి వచ్చాకే 1979లో గవర్నర్ మెక్‌లెహోస్ బీజింగ్ వెళ్లాడు. భూమి దగ్గర పద్దెనిమిదేళ్ల ముందే పుట్టిన భయం ఓడల దగ్గర పన్నెండేళ్ల ముందు పుట్టింది, తేడా అంతే.

ఆ రోజుల్లో మార్కెట్ కూడా దరిద్రంగా ఉంది. సరుకు రవాణా రేట్లు పడిపోయి 1985-86లో హాంకాంగ్ పెద్ద ఓనర్లలో ఒకరైన తుంగ్ గ్రూపు అప్పుల్లో కూరుకుపోయింది (ఆ ఇంటి పెద్దకొడుకు తుంగ్ చీ హ్వా తర్వాత హాంకాంగ్ మొదటి చీఫ్ ఎగ్జిక్యూటివ్ అయ్యాడు). పైగా హాంకాంగ్ ఓనర్ల ఓడల్లో ఎక్కువ భాగం అప్పటికే లైబీరియా, పనామా జెండాల మీద ఉన్నాయి. భూమి ఎక్కడికీ పోదు, ఓడ పోతుంది. చర్చలకు కూర్చున్న ఆఫీసర్లకు ఇది రోజూ గుర్తుండే ఉంటుందని నా నమ్మకం. భయం పుట్టించే రిజిస్టర్ పెడితే అందులో చేరడానికి ఓడలే ఉండవు.

బల్లకి అటూ ఇటూ

మాట్లాడుకోవడానికి వేదిక ఉమ్మడి ప్రకటనే ఇచ్చింది: జాయింట్ లియాజాన్ గ్రూప్, అంటే రెండు దేశాల సంప్రదింపుల బృందం. 1985 మే 27న మొదలైంది. ఒక్కో పక్క రాయబారి స్థాయి మనిషి ఒకరు, ఇంకో నలుగురు సభ్యులు, వెనక సహాయక సిబ్బంది. ఏడాదికి ఒక్కసారైనా బీజింగ్‌లో, లండన్‌లో, హాంకాంగ్‌లో కలవాలి. 1988 జూలై 1 నుంచి దాని ప్రధాన స్థావరం హాంకాంగ్. దానికి పాలించే అధికారం లేదని ఒప్పందంలోనే రాశారు, చర్చలు రహస్యంగా ఉంటాయనీ రాశారు. బ్రిటన్ తరఫున మొదట నడిపింది డేవిడ్ విల్సన్, తర్వాత ఆయనే హాంకాంగ్ గవర్నర్ అయ్యాడు. చైనా తరఫున కె జైషువో.

గదిలో ఎవరు ఏ మాటన్నారో బయటికి చెప్పకూడదన్నది వాళ్ల నియమం, కాబట్టి నేను సంభాషణలు అల్లి చెప్పను. బయట ఉన్న కాగితాలను బట్టి ఎవరికి ఏది మింగుడుపడదో మాత్రం తెలిసిపోతుంది.

హాంకాంగ్ బ్రిటన్ చేతికి పోయిన 1842, 1860, 1898 ఒప్పందాలను చైనా సక్రమమైనవిగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. కాబట్టి "బ్రిటన్ తన రిజిస్టర్ను హాంకాంగ్‌కి అప్పగించింది, హాంకాంగ్ దాన్ని చైనాలోకి తెచ్చుకుంది" అనే మాట బీజింగ్ నోట రాదు. అందుకే ఒప్పందంలో "కేంద్ర ప్రభుత్వం అధికారం ఇస్తుంది" అనే ముక్క. మొదటి పేజీలో పైనుంచి ఎవరు ఇస్తున్నారో తేలిపోవాలి. బ్రిటన్ ఇబ్బంది వేరు. 1997 దాకా పాలన బాధ్యత తనదే, ఆ ఓడలు అప్పటిదాకా బ్రిటిష్ ఓడలే. ఇరాన్ ఇరాక్ యుద్ధంలో గల్ఫ్‌లో ట్యాంకర్ల మీద దాడులు జరుగుతున్న కాలం అది, రాయల్ నేవీ ఆర్మిల్లా గస్తీ తిరుగుతోంది, బ్రిటిష్ ఓడ అన్న హోదాకి అప్పుడు నిజంగానే విలువ ఉంది. దాన్ని ముందే వదిలేస్తున్నట్టు కనబడితే లండన్‌కి తంటా. ఇక హాంకాంగ్‌కి, అంటే అక్కడి మెరైన్ డిపార్ట్‌మెంట్‌కి, ఓనర్లకి, బ్యాంకులకి కావాల్సింది 1997కి ముందూ తర్వాతా ఒకే పుస్తకం, ఒకే చట్టం. వాళ్లకి ఆ బల్ల దగ్గర విడిగా కుర్చీ లేదు, బ్రిటన్ జట్టులో భాగంగానే కూర్చోవాలి.

ముగ్గురికీ కుదిరిన దారి: రిజిస్టర్ను హాంకాంగ్ స్థానిక చట్టం మీదికి మార్చెయ్యడం. స్థానిక చట్టం అయితే 1997 తర్వాత కూడా ఉంటుందని ఉమ్మడి ప్రకటన ముందే చెప్పింది. బ్రిటన్ ఏమీ అప్పగించినట్టు కాదు, చైనా బ్రిటన్ నుంచి ఏమీ పుచ్చుకున్నట్టూ కాదు. తెలివైన ముడి. విడిపోయిందనేది నిజం, అయినా ఎవరూ విడిపోయిందని అనక్కర్లేదు.

ఏది ముందు, ఏది వెనక

నాకు ఈ కేసులో బాగా నచ్చేది వాళ్లు పెట్టుకున్న వరస. ఒక ఊరి శాసనసభ లండన్ పార్లమెంటు చట్టాన్ని తనంతట తాను మార్చలేదు. అందుకని ముందు 1985 ఏప్రిల్‌లో లండన్‌లో హాంకాంగ్ చట్టం వచ్చింది, దాని కింద 1986లో వచ్చిన ఉత్తర్వు పౌర విమానయానం, ఓడల వ్యాపారం, అడ్మిరల్టీ (ఓడల తగాదాలు విచారించే కోర్టు అధికారం) విషయాల్లో బ్రిటిష్ చట్టాలను మార్చుకునే వీలు హాంకాంగ్ శాసనసభకి ఇచ్చింది. పెన్ను చేతికొచ్చాకే చిత్తుప్రతి రాయగలరు కదా.

ఈలోపు కాస్త తేలికైన విషయాల్లో చెయ్యి తిప్పి చూసుకున్నారు. 1986 ఏప్రిల్‌లో హాంకాంగ్ విడిగా, దేశాల మధ్య వాణిజ్య ఒప్పందమైన గాట్‌లో సభ్యత్వం తీసుకుంది: బ్రిటన్ ఒక ప్రకటన చేసింది, దానికి జోడుగా చైనా ఇంకో ప్రకటన చేసింది, రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో నెదర్లాండ్స్‌తో హాంకాంగ్ పేరు మీద మొదటి విడి విమాన సర్వీసుల ఒప్పందం కుదిరింది. అంటే పరాయి దేశాలు ఈ ఏర్పాటును ఒప్పుకుంటాయా లేదా అన్న సందేహం ఓడల దాకా వచ్చేసరికి సగం తీరిపోయింది. ఓడకి ఇది ప్రాణం, ఎందుకంటే హాంకాంగ్ ఇచ్చిన సర్టిఫికెట్‌ను రోటర్‌డామ్‌లో రేవుకొచ్చిన పరాయి ఓడలను తనిఖీ చేసే పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్టరు చూసి సరేననాలి. ఐఎంఓలో (అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో) హాంకాంగ్ 1967 నుంచే అసోసియేట్ మెంబరు, అది కూడా పనికొచ్చింది.

మధ్యలో 1989 జూన్ వచ్చింది. బీజింగ్‌లో తియానన్మెన్ కాల్పుల తర్వాత హాంకాంగ్‌లో నమ్మకం ఎంతగా కుంగిపోయిందో, ఎన్ని కుటుంబాలు కెనడా, ఆస్ట్రేలియా దారి పట్టాయో చెప్పక్కర్లేదు. అలాంటి ఏడాది గడిచిన వెంటనే, 1990 ఏప్రిల్ 4న 1997 తర్వాత హాంకాంగ్‌కి రాజ్యాంగం లాంటి బేసిక్ లా ప్రకటించారు. అందులో 125వ అధికరణ ఉమ్మడి ప్రకటనలోని రిజిస్టర్ వాక్యాన్ని దాదాపు ఉన్నదున్నట్టు ఎత్తి రాసింది. ఎనిమిది నెలలకి, డిసెంబర్ 3న, మర్చంట్ షిప్పింగ్ రిజిస్ట్రేషన్ ఆర్డినెన్స్ (హాంకాంగ్‌లో శాసనసభ చేసే చట్టాన్నే అలా అంటారు) అమల్లోకి వచ్చింది. బ్యాంకుకి ఇప్పుడు చూపించడానికి రెండు కాగితాలున్నాయి, స్థానిక చట్టం ఒకటి, చైనా రాజ్యాంగ వ్యవస్థలోంచి వచ్చిన హామీ ఇంకొకటి.

1997 దాకా ఎందుకు ఆగలేదని జూనియర్లు అడుగుతారు. ఆరున్నరేళ్ల ముందే తెరిచారు కాబట్టి అప్పగింత నాటికి ఆ రిజిస్టర్‌కి ఒక చరిత్ర వచ్చింది. తనఖాలు ఎక్కాయి, తీరాయి, ఓడలు వచ్చాయి, పోయాయి. ఆ రాత్రికి అది పాత రిజిస్టరే. ఒప్పందంలోని "కొనసాగిస్తుంది" అన్న మాట 1984లో అబద్ధం, 1997 నాటికి నిజమైంది.

చట్టంలో ఏముంది

ఎక్కువ చెప్పను, ఒకటి రెండు చాలు. పాత చట్టంలో ఓనరు బ్రిటిష్ ప్రజ అయినా కావాలి, బ్రిటిష్ పాలిత ప్రాంతంలో పెట్టిన కంపెనీ అయినా కావాలి. కొత్త చట్టం ఆ జాతీయత ముక్కనే పక్కన పెట్టేసింది. సాధారణంగా ఓడలో ఎక్కువ వాటా "అర్హత ఉన్న వ్యక్తి"ది అయి ఉండాలి, అంటే హాంకాంగ్ ఐడీ కార్డు ఉండి అక్కడ మామూలుగా నివాసం ఉండేవాడు, లేదా హాంకాంగ్‌లో పెట్టిన కంపెనీ, లేదా అక్కడ నమోదు చేసుకున్న బయటి కంపెనీ. 1997 తర్వాత ఎవరు బ్రిటిష్, ఎవరు చైనీస్ అన్న పెద్ద తగాదాను ఓడల చట్టంలోకి రానివ్వలేదు. ఐడీ కార్డు ఎవరికి ఏ రాత్రీ మారదు. డ్రాఫ్టింగ్ నేర్చుకునేవాళ్లు ఈ ఒక్క నిర్వచనాన్ని పది సార్లు చదవాలని నేను పోరు పెడుతుంటాను.

సిబ్బందికి జాతీయత షరతు పెట్టలేదు. చైనా ప్రధాన భూభాగంలో 1995 నుంచి అమల్లో ఉన్న రిజిస్ట్రేషన్ నియమాలు చైనా పౌరులే సిబ్బందిగా ఉండాలంటాయి, హాంకాంగ్‌లో అలా లేదు. కాకినాడ, విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్లు హాంకాంగ్ జెండా ఓడల్లో పనిచెయ్యగలుగుతున్నారంటే ఆ తేడా వల్లే.

ఆ రాత్రి

1982 సముద్ర చట్ట ఒప్పందంలో 92వ అధికరణ ప్రకారం, నిజంగా ఓనరు మారితేనో రిజిస్టర్ మారితేనో తప్ప ప్రయాణం మధ్యలో ఓడ జెండా మార్చకూడదు. 1997 జూన్ 30 రాత్రి హాంకాంగ్ ఓడలు ప్రపంచమంతా చెదిరి ఉన్నాయి, కొన్ని నడి సముద్రంలో. రిజిస్టర్ అదే, పేజీ అదే, తనఖా అదే, ఓనరు అదే. దాని పైనున్న సార్వభౌమత్వం మాత్రం మారింది. తెల్లారేసరికి ఓడ మీద చైనా జాతీయ జెండా, దాని కింద బౌహీనియా పువ్వున్న హాంకాంగ్ జెండా ఎగరాలి. ఓడను రేడియోలో గుర్తుపట్టే కాల్ సైన్లు మాత్రం బ్రిటిష్ కాలం నాటి వీఆర్ అక్షరాలతోనే ఉండిపోయాయి. ఇప్పటికీ హాంకాంగ్ ఓడ కాల్ సైన్ వీఆర్‌తోనే మొదలవుతుంది, ఓడలు ఎక్కడున్నాయో చూపించే ఏఐఎస్ తెర మీద నంబరు 477తో మొదలవుతుంది. బీజింగ్‌ది వేరే సిరీస్. చూసే కళ్లుండాలి గానీ, ఆ చర్చల్లో ఏం కుదిరిందో ఓడ రోజూ రేడియోలో చెబుతూనే ఉంటుంది.

ఇదే పని ఇంకోలా చేస్తే ఏమవుతుందో ఫ్రాన్స్ చూపించింది. 1987లో ఎవరితోనూ పెద్దగా తేల్చుకోకుండా ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో, దక్షిణ సముద్రంలో శాశ్వత జనాభాయే లేని కెర్గెలెన్ దీవుల పేరు మీద విడి రిజిస్టర్ పెట్టింది. ఉద్దేశం సిబ్బంది ఖర్చు తగ్గించుకోవడం. 1995లో ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ ఉత్తర్వును కొట్టేసింది. 1996లో హడావిడిగా పార్లమెంటులో చట్టం చేసి నిలబెట్టుకున్నారు, 2005లో దాని స్థానంలో ఇంకో అంతర్జాతీయ రిజిస్టరే తెచ్చారు. ఎనిమిదేళ్ల పాటు ఓడలు నడిచిన పుస్తకానికి కింద చట్టం సరిగ్గా లేదని కోర్టు చెప్పిందంటే ఆ ఓడలకి అప్పిచ్చినవాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి.

నాకు ఇలాంటిది చిన్న స్థాయిలో తగిలింది. ఒక చిన్న దేశపు రిజిస్ట్రీలో (పేరు అనవసరం) చట్టం మారిన వారంలోనే మా డిలీషన్ సర్టిఫికెట్ (రిజిస్టర్లో పేరు కొట్టేసినట్టు ఇచ్చే కాగితం) పడింది, పాత ఫారం మీద ఇవ్వాలా కొత్త ఫారం మీద ఇవ్వాలా అని వాళ్లలో వాళ్లకే తేలక ఆరు రోజులు ఓడ లంగరు మీద ఖాళీగా నిలబడింది. రోజు అద్దె లెక్క ఓనరు నాకు ఫోన్‌లో వినిపిస్తుంటే నాకు హాంకాంగే గుర్తొచ్చింది.

హాంకాంగ్ వాళ్లు చేసిన దాంట్లో నాకు నచ్చనిది కూడా ఉంది. చర్చలన్నీ మూసిన తలుపుల వెనక జరగడం వల్ల ఆ ఓడల్లో పనిచేసేవాళ్లకి చివరిదాకా ఏదీ తెలిసే దారి లేదు. బ్యాంకు అడగగలదు, ఓనరు అడగగలడు, ఇంజన్ రూములో ఫిట్టర్ ఎవర్ని అడుగుతాడు? సీమెన్ పరిస్థితుల గురించి ఒప్పందంలో ఉన్న ఆ ఒక్క ముక్కే వాళ్లకి దక్కింది.

రిజిస్టర్ మాత్రం పెరిగింది. 2015లో పది కోట్ల గ్రాస్ టన్నులు దాటింది, ప్రపంచంలో మొదటి నాలుగైదు పెద్ద రిజిస్టర్లలో ఒకటైంది.

ఇప్పుడు కొత్తగా ఒక గడి నా చెక్‌లిస్టులో చేరింది. బేసిక్ లా అయిదో అధికరణ పాత వ్యవస్థ యాభై ఏళ్లు మారదంటుంది, అంటే 2047 దాకా. ఈ ఏడాది యార్డులో కట్టే ఓడ పాతికేళ్లు తిరిగితే ఆ తేదీ దాటుతుంది. అప్పు దాటదు ఇంకా, పన్నెండేళ్లకి తీరిపోతుంది. కానీ 2035 తర్వాత రాసుకునే పన్నెండేళ్ల అప్పులు దాటుతాయి, అప్పుడు 1985లో బ్యాంకులు వేసుకున్న లెక్కే మళ్లీ వేస్తారు. మొన్నొక కాల్‌లో కుర్ర లాయరొకడు ఆ గడి ఎందుకు పెట్టారని అడిగాడు. ఓడ వయసూ అప్పు కాలమూ పక్కపక్కన రాసి పంపాను, అరగంటకి తనే ఫోన్ చేశాడు.